కొలెస్ట్రాల్ మాత్రకూ ఖనిజ మాత్రకూ నడుమ ఎడం

శ్రోతలకు నమస్కారం.

గుంటూరు అరండల్‌పేటలోనైనా, విజయవాడ సూర్యారావుపేటలోనైనా మందుల దుకాణం దగ్గర కాసేపు నిలబడండి. కొలెస్ట్రాల్‌కు డాక్టరు రాసిన చీటీతో వచ్చినవారు, చీటీలో లేని కాల్షియం బిళ్ళలో, బలానికి ఖనిజ లవణాల మాత్రలో, కడుపు మంటకు గ్యాస్ సిరప్పో కూడా అడిగి తీసుకోవడం కనిపిస్తుంది. ఇంటికి వెళ్ళాక అన్నింటినీ రాత్రి భోజనం కాగానే ఒకేసారి మింగేస్తారు. తప్పు చాలావరకు ఆ మందుల్లో లేదు, అన్నీ కలిపి వేసుకోవడంలో ఉంది.

కొలెస్ట్రాల్ తగ్గించడానికి మన వైద్యులు ఎక్కువగా రాసేవి అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్. ఈ రకం మందులను స్టాటిన్లు అంటారు. రోసువాస్టాటిన్‌తో పాటే అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడులున్న గ్యాస్ సిరప్ తాగితే, రక్తంలోకి చేరే మందు సుమారు సగానికి పడిపోతుంది. మాత్ర వేసుకున్న 2 గంటల తరువాత సిరప్ తాగితే ఈ నష్టం బాగా తగ్గుతుంది. అటోర్వాస్టాటిన్ కూడా రక్తంలో 35 శాతం వరకు తగ్గుతుంది కానీ, చెడు కొలెస్ట్రాల్‌ను దించే పని మాత్రం దెబ్బతినదు. అందువల్ల మీరు వాడేది ఏ మందో అట్ట మీద చదివి తెలుసుకోవాలి. బలానికి వాడే మాత్రల సీసా వెనుక మెగ్నీషియం ఆక్సైడ్ అని ఉంటే, దానికీ రోసువాస్టాటిన్‌కూ నడుమ అదే ఎడం పాటించడం క్షేమం. కారం ఇష్టంగా తినే మన జిల్లాల్లో గ్యాస్ సిరప్‌ను మందుగా లెక్కపెట్టేవారు తక్కువ కనుక, దీన్ని గట్టిగా చెబుతున్నాను.

కాల్షియం సంగతి వేరు. అది స్టాటిన్‌కు నేరుగా అడ్డు రాదు. అడ్డు వచ్చేది థైరాయిడ్ మాత్రకు. పరగడుపున ఆ మాత్ర, అంటే థైరాక్సిన్ వేసుకుని, వెంటనే కాల్షియమో ఐరనో మింగితే, థైరాక్సిన్ ఒంటికి సరిగా పట్టదు. థైరాయిడ్ లోపం అలాగే మిగిలిపోతే చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, స్టాటిన్ వల్ల కండరాల నొప్పులు వచ్చే అవకాశమూ హెచ్చుతుంది. కొలెస్ట్రాల్ పెరిగిందన్న పరీక్ష కాగితం చూసి ఆ మాత్ర మోతాదు పెంచమని అడిగే ముందు, ఉదయం ఏ బిళ్ళ తరువాత ఏది వేసుకుంటున్నారో ఆలోచించండి. థైరాక్సిన్‌కూ కాల్షియం, ఐరన్ బిళ్ళలకూ 4 గంటల ఎడం ఉండాలి. కాల్షియం కార్బొనేటు భోజనంతో పాటే బాగా వంటబడుతుంది కాబట్టి, మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకుంటే రెండు విధాలా మంచిది.

కరోనా రోజుల్లో మొదలుపెట్టిన జింకు బిళ్ళను ఇంకా మానని వారున్నారు. రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కువ కాలం వాడితే ఒంట్లో రాగి తగ్గుతుంది, మంచి కొలెస్ట్రాల్ కూడా పడిపోవచ్చు. కొలెస్ట్రాల్ రోగికి ఇది బొత్తిగా అనవసరపు ఖర్చు.

కొలెస్ట్రాల్‌తో పాటు రక్తపోటుకు టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటివి వాడేవారు, ముఖ్యంగా మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారు, పొటాషియం మందులను గానీ, సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పును గానీ వైద్యుణ్ణి అడగకుండా వాడరాదు. రక్తంలో పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది.

ఇవన్నీ విని భయపడి స్టాటిన్‌ను మాత్రం సొంతంగా మానకండి. గుండెపోటు నుంచీ పక్షవాతం నుంచీ కాపాడే మందు అది. అయితే కారణం లేకుండా తొడలు, భుజాలు విపరీతంగా నొప్పి పెట్టి, మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే, ఆ రోజే వైద్యుణ్ణి కలవండి. వెళ్ళేటప్పుడు చీటీ ఒక్కటే కాకుండా, చీటీ లేకుండా కొన్న సీసాలూ బిళ్ళలూ అన్నీ వెంట తీసుకుని వెళ్ళండి.

సెలవు, నమస్కారం.