ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ పట్టుకురండి: చర్మం క్యాంపుల మీద చర్చ

(స్టూడియోలో ముగ్గురు ఉన్నారు. నిజామాబాద్ చుట్టుపక్కల ఊళ్లల్లో క్యాంపులు పెట్టే చర్మ వైద్యురాలు, అక్కడే మెడికల్ షాపు నడిపే ఆయన, ఒక ఆశా కార్యకర్త. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం, ఒకరి మాట మీద ఒకరు పడిపోయిన చోట్ల మాత్రం కొంచెం సర్దాం.)

యాంకర్: నమస్తే అండీ. చర్మం మీద ప్రోగ్రామ్ అంటే మొటిమలు, జుట్టు రాలడం, ఏ సబ్బు మంచిది, ఎప్పుడూ ఇవే అడుగుతాం, ఇవాళ అవన్నీ పక్కన పెడదాం. మేడమ్, మీరు క్యాంప్ పెట్టేముందు ఊళ్లో మైకులో చెప్పిస్తారట కదా, ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ పట్టుకురండి అని. ఏంటా కథ?

డాక్టర్: (నవ్వు) మొదట్లో మేమూ అందరిలాగే చేశామండీ. బ్యానర్ కట్టడం, బల్ల వేయడం, చూడటం, మందులిచ్చి బండెక్కడం, చివర్లో ఒక గ్రూప్ ఫోటో. మూడు నెలలకి అదే ఊరికి వెళ్తే అదే మనిషి అదే తామరతో కూర్చుని ఉంటాడు, అప్పుడు రూపాయి బిళ్లంత ఉన్నది ఇప్పుడు నడుం చుట్టూ పాకి ఉంటుంది. ఏమైందయ్యా అంటే మీరిచ్చింది అయిపోయింది మేడమ్, షాపులో ఇంకోటి ఇచ్చారు, అది ఇంకా బాగా పనిచేసింది అంటాడు. బాగా పనిచేస్తే మళ్ళీ మా దగ్గర ఎందుకున్నావ్ అని అడగాలనిపిస్తుంది, అడగం. అందుకే ఇప్పుడు స్కూల్ వరండాలో ఒక దుప్పటి పరిచి ట్యూబులన్నీ దాని మీద పోయమంటాం.

యాంకర్: తెస్తారా నిజంగా?

డాక్టర్: సంచులతో తెస్తారు! మూత లేనివి, తోక దాకా బీడీ చుట్టినట్టు చుట్టేసినవి, ఒకే ట్యూబ్ ఇంట్లో ఐదుగురు వాడినవి. ఒకావిడ పసుపు డబ్బాలో దాచిన ట్యూబ్ తెచ్చింది, బయటంతా పసుపు. దేనికమ్మా అంటే మనవడికి వేడి పొక్కులకి, ఆయనకి తొడల్లో దురదకి, నాకు మొహానికి అంది. ఒకటే ట్యూబ్! ఇక మేం చేసేది ఏంటంటే, ఊళ్లో టెన్త్ చదివే పిల్లల్ని పిలిచి ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేసి ఆ చిన్నక్షరాలు గట్టిగా చదివించడం. పేరు చివర 'సోన్' అని గానీ 'బెటసాల్' అని గానీ వస్తే అటు పక్కన పెట్టు అంటాం. బెటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, ఇవన్నీ స్టెరాయిడ్లే. పది నిమిషాల్లో అటు పక్క గుట్ట అవుతుంది, ఇటు పక్క రెండో మూడో మిగుల్తాయి. ఉపన్యాసం ఇస్తే వినరు గానీ ఆ గుట్ట చూసి నోరెళ్లబెడతారు.

యాంకర్: అంటే స్టెరాయిడ్ విషమా? మీరు కూడా రాస్తారుగా?

డాక్టర్: రాస్తాం, రోజూ రాస్తాం. ఎగ్జిమాకి, సోరియాసిస్‌కి అది మంచి మందు. ఎక్కడ, ఎంత, ఎన్నాళ్లు అన్నదే అసలు విషయం. తామర అంటే ఫంగస్, మన ఒళ్ళు దాంతో పోట్లాడుతుంటే ఆ పోట్లాటే ఎరుపు, దురద. స్టెరాయిడ్ రాస్తే పోట్లాట ఆగుతుంది, రెండ్రోజుల్లో దురద పోతుంది, అబ్బ ఏం మందు అనుకుంటారు. లోపల ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతూ ఉంటుంది. దొంగ ఇంట్లో ఉండగా మొరుగుతోందని కుక్కని కట్టేసినట్టు! ఇదే కొన్నాళ్ళకి ఎంత మారిపోతుందంటే మాకే చూడగానే తామర అని పట్టుకోవడం కష్టమవుతుంది. తొడల్లో, చంకల్లో చారలు పడతాయి, ఆ చారలు ఇక పోవు. పైగా ఈ మధ్య మామూలు తామర మందుకి లొంగని ఫంగస్ కూడా మన దేశంలో బాగా కనిపిస్తోంది, ఒకప్పుడు రెండు మూడు వారాల్లో తగ్గేది ఇప్పుడు నెలలు లాగుతోంది.

యాంకర్: మొహానికి రాసుకుంటే?

డాక్టర్: అది ఇంకో పెద్ద గోల. చర్మం పల్చబడుతుంది, సన్న ఎర్ర రక్తనాళాలు కనిపిస్తాయి, మొటిమలు, ఆడపిల్లలకి గడ్డం దగ్గర వెంట్రుకలు. ఆపితే మంట, ఎరుపు, అందుకని మళ్ళీ రాస్తారు, వ్యసనమే అనుకోండి. 2011లో మన చర్మ వైద్యులే దేశంలో 12 సెంటర్లలో చూసి ఒక స్టడీ ప్రచురించారు. మొహం సమస్యతో వచ్చిన 2926 మందిలో 433 మంది మొహానికి స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లే, వాళ్లలో దాదాపు 59 శాతం మందికి అది చెప్పింది డాక్టర్ కానే కాదు. చుట్టాలు, ఫ్రెండ్స్, బ్యూటీ పార్లర్, షాపు...

షాపు ఓనర్: అగో వచ్చింది చూడుర్రి నా మీదికి! (నవ్వులు) నాకు తెల్సు మేడం, చివరికి షాపు కాడికే వస్తరు.

యాంకర్: చెప్పండి అన్నా, మీ మాట కూడా వినాలి.

షాపు ఓనర్: నేను తప్పు లేదని అంటలేను. కాని నా కౌంటర్ కాడ ఒక్క పూట నిలబడి చూడుర్రి. ఒకాయన పొద్దున ఏడింటికి వస్తడు, పొలానికి పోవాలె, ఫోన్‌ల ఖాళీ ట్యూబ్ ఫోటో చూపెడ్తడు, గిదే ఇయ్యి అంటడు. చీటీ ఉందా అంటే ఏం చీటీ, పోయినసారి నువ్వే ఇచ్చినవ్ గద అంటడు. డాక్టర్ కాడికి పోవాలంటే బస్ కిరాయి, ఫీజు, ఒక రోజు కూలి పోతది. నేను ఇయ్యకపోతే పక్క షాపుల ఇస్తరు, ఇంక ఆయన జ్వరం గోళీకి కూడ నా కాడికి రాడు. ఇంకొకటి చెప్పాలె, మేడం ఏం అనుకోవద్దు.

డాక్టర్: చెప్పండి, చెప్పండి.

షాపు ఓనర్: చీటీలు నా కాడికి కూడ వస్తయి గద. ట్యూబ్ పేరు ఉంటది, ఎన్ని రోజులు రాసుకోవాలె అన్నది ఉండదు. ఉన్నా మీ రాత నాకే తెల్వదు, ఆయనకేం తెల్వాలె. నాలుగేండ్ల కిందటి చీటీ, మడతల కాడ చినిగింది, ప్లాస్టిక్ కవర్‌ల పెట్టుకొని తెస్తరు. చీటీ ఉంది గద అని ఇస్తం. గది ఎవరి తప్పు?

డాక్టర్: మాదే. వాదించను. మా క్యాంపుల్లో ఇప్పుడు తెలుగులో పెద్దక్షరాలతో ఎప్పుడు ఆపాలో తేదీ వేసి ఇస్తున్నాం. వేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండితే అది వేళ్లతో కలిపి రెండు అరచేతులంత జాగాకి సరిపోతుంది అని వేలు పట్టుకుని చూపిస్తున్నాం. ఇది ముందే చేయాల్సింది.

యాంకర్: మరి రూల్ ఏంటి? చీటీ లేకుండా అమ్మొచ్చా?

డాక్టర్: కొన్నేళ్ల క్రితం దాకా పైపూత మందులకి ఒక మినహాయింపు ఉండేది, దాని చాటున ఇవన్నీ అమ్ముడుపోయాయి. చర్మ వైద్యుల సంఘం, ఐఏడీవీఎల్ అంటారు, అందులో దీని మీదే ఒక టాస్క్‌ఫోర్స్ పెట్టుకుని ఏళ్ల తరబడి లెటర్ల మీద లెటర్లు, కోర్టు దాకా కూడా వెళ్లారు. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పైపూతలకి ఆ మినహాయింపు తీసేసింది, చీటీ ఉంటేనే ఇవ్వాలి. అదే ఏడాది సెప్టెంబర్‌లో 328 కాంబినేషన్ మందులు, అంటే ఒకే దాంట్లో రెండు మూడు మందులు కలిపినవి, బ్యాన్ చేస్తే అందులో కొన్ని చర్మం క్రీములు కూడా ఉన్నాయి. కాగితం మీద గెలిచాం. కౌంటర్ దగ్గర సంగతి అన్న చెప్పాడుగా.

యాంకర్: అమ్మా, మీరు ఇందాకటి నుంచి వింటున్నారు. ఇంటింటికీ తిరిగేది మీరే కదా.

ఆశా: నేను చెప్తే సార్, పెండ్లి కుదిరిన పిల్లలు ఉంటరు సూడు, ఆ ఇండ్లల్లనే ఎక్కువ. లగ్గం రెండు నెలలుందంటే క్రీమ్ మొదలు. ఒక పిల్లకి మొదట మస్తు తెల్లగైంది, అందరు ఏం రాస్తున్నవే అని అడిగిన్రు, ఇంకో నలుగురు మొదలుపెట్టిన్రు. లగ్గం నాటికి మొహమంత ఎర్రగ, పొయ్యి కాడికి పోతే మంట, ఎండల నిలబడితే మంట. ఫోటోగ్రాఫర్ లైట్ వేస్తే కండ్లెంబడి నీళ్లు కారినయి. వాళ్లమ్మ నన్ను పక్కకు పిలిచి ఎవ్వరికి చెప్పకు అని చెయ్యి పట్టుకున్నది. మేడం కాడికి తీస్కపోతే మంచిగ కానీకె శానా నెలలు పట్టింది.

యాంకర్: కుష్టు సర్వే కూడా మీరే చేస్తారు కదా?

ఆశా: చేస్తం. కాని ఆ మాట గడప కాడ అనం సార్. అంటే తలుపు ఏస్తరు. మచ్చలు ఏమన్న ఉన్నయా అక్కా, పిల్లల వీపు చూస్త అంట. పాలిపోయిన మచ్చ ఉంటే కండ్లు మూసుకోమని పెన్ను మొనతోటి మెల్లగ తాకుత, యాడ తాకిన్నో వేలు పెట్టి చూపెట్టమంట. మంచి తోలు మీద తాకితే టక్కున చూపెడ్తరు. మచ్చ మీద తాకితే ఇంక తాకలేదు గద అంటరు. గప్పుడు నాకు కడుపుల దేవినట్టైతది.

డాక్టర్: ఇక్కడ ఒక మాట. ఆ మచ్చ మీద కూడా ఏళ్ల తరబడి ట్యూబ్ రాసుకుని వచ్చేవాళ్లున్నారు. నొప్పి లేదు, దురద లేదు, అందుకని ఎవరూ తొందరపడరు, ఈలోపు నరం దెబ్బతిని వేళ్లు వంకర పోతాయి. మందు ఉచితం, ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు వాడితే రోగం పోతుంది. 2005 డిసెంబర్‌లో దేశం స్థాయిలో పదివేల మందికి ఒక కేసు కన్నా తగ్గింది అని ప్రకటించారు, జనం దాన్ని కుష్టు పోయింది అని విన్నారు. ప్రపంచంలో కొత్తగా బయటపడేవాటిలో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనే. మా జిల్లాకి ఇది కొత్త కాదు, డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ 1915లోనే దీనికి ఆసుపత్రి పెట్టింది, అప్పట్లో చాల్‌మోగ్రా అనే గింజల నూనే దిక్కు. ఇప్పుడు గోళీలున్నాయి, కానీ సిగ్గు అలాగే ఉంది.

ఆశా: గోళీలు తోటి కూడ తిప్పలే. ఒక గోళీకి మూత్రం ఎర్రగొస్తది, ఇంకో గోళీకి తోలు నల్లవడ్తది. ముందుగాల చెప్పకపోతే రక్తం పోతుందని భయపడి పారేస్తరు. నల్లగైతే ఊర్ల అడుగుతరు గద, ఏమైంది నీకు అని. మందు అయిపోయినంక కొన్నాళ్లకి మళ్ల మామూలు అయితది అని నేను ఆల్లింట్ల కూసొని, చాయ తాగుకుంట చెప్త. చాయ తాగుత అని ఎందుకంటున్నంటే, వాళ్లింట్ల నీళ్లు ముట్టని వాళ్లు ఇంక ఉన్నరు.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

యాంకర్: టైమ్ తక్కువ ఉంది, హాస్టళ్లలో గజ్జి గురించి ఒక్క ముక్క చెప్పండి మేడమ్.

డాక్టర్: ఒక్క ముక్కంటే, అందరికీ ఒకే రాత్రి. గోక్కునే పిల్లాడికి ఒక్కడికే రాస్తే పక్క మంచం వాడి నుంచి మళ్ళీ వస్తుంది. మెడ నుంచి అరికాలి దాకా లోషన్, వేళ్ల సందులు, బొడ్డు, ఏదీ వదలకుండా, రాత్రంతా ఉంచి పొద్దున స్నానం, దుప్పట్లు వేడినీళ్లలో. వారం తర్వాత ఇంకోసారి. పురుగు చచ్చినా దురద రెండు మూడు వారాలు ఉంటుంది, మందు పనిచేయలేదని అక్కడ మళ్ళీ స్టెరాయిడ్ ట్యూబ్ ఎక్కుతుంది చూడండి, అది ఆపాలి. వార్డెన్లకి ఇదే చెప్తున్నాం. వంట చేసే అక్కలకీ రాయాలి, వాళ్లని అందరూ మర్చిపోతారు.

యాంకర్: అన్నా, చివరిగా మీరు ఏం చేయగలరు? నిజంగా చేయగలిగేది చెప్పండి.

షాపు ఓనర్: నిజం చెప్తున్న, రేపటి సంది ఒక్క ట్యూబ్ కూడ అమ్మను అంటే అబద్ధం అయితది. మొహానికి అని అడిగితే మాత్రం ఇయ్యను, అది ఎప్పుడో బంద్ చేసిన, నాకూ ఆడపిల్ల ఉన్నది. తామరకి అంటే స్టెరాయిడ్ లేని క్రీమ్ ఇస్త, ఆగకపోతే మేడం క్యాంప్ ఏ రోజు ఉందో చీటీ మీద రాసి ఇస్త. గంతవరకు చేయగలుగుత.

డాక్టర్: అది చాలా ఎక్కువ. ఈసారి ఆదివారం క్యాంప్ మీ దగ్గరే, మీరు రావాలి. దుప్పటి మీ షాపు ముందే పరుద్దాం, జనం ఎలాగూ అక్కడికే వస్తారు.

షాపు ఓనర్: వస్త మేడం, తప్పకుండ వస్త, పిల్లలకి చాయ్ బిస్కెట్లు కూడ నాయే. కాని ఆ దుప్పటి మాత్రం స్కూల్ కాడనే పరువుర్రి.