ఎవరు పెట్టిన మంట?

మిత్రులకు నమస్కారం. వేసవిలో విశాఖ చుట్టూ కొండల మీద పొగ లేస్తే అడవి తగలబడుతోందని అంటాం. నిప్పు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడగం. మన చిత్రకారులకూ ఆ ఆరా ఉండదు. ఎరుపు, నారింజ ట్యూబులు ఖాళీ చేసి, నాలుగు మోడులు నిలబెట్టి, కింద సంతకం చేస్తారు.

ఆస్ట్రేలియాలో 1851 ఫిబ్రవరి 6న చెలరేగిన కార్చిచ్చును విలియం స్ట్రట్ 1864లో చిత్రించాడు. మనుషులు, గుర్రాలు, పశువులు ప్రాణభయంతో పరుగెడుతుంటాయి. పనితనానికి వంక పెట్టలేం. అయితే అది పారిపోయేవాడి కంటికి కనిపించిన మంట.

దాని పక్కన క్లిఫర్డ్ పాసమ్ జపల్జారి 1977లో వేసిన ‘వార్లుగులాంగ్’ పెట్టి చూడండి. ఆయన మధ్య ఆస్ట్రేలియా ఆదివాసి. వేటాడిన కంగారూ మాంసాన్ని తండ్రికి పెట్టకుండా తినేసిన ఇద్దరు కొడుకుల మీద, నీలినాలుక బల్లి అయిన ఆ తండ్రి లుంకటా కోపంతో నిప్పు పెట్టిన కథ అందులో ఉంది. ఎగసే జ్వాలల కోసం వెతికితే నిరాశే. చుక్కలతో పొగ, బూడిద, మనుషులు నడిచిన దారులు, ఒక పక్క ఆ కొడుకుల అస్థిపంజరాలు. పై నుంచి చూసిన నేల అది. ఈ మంటకు కారణం ఉంది, ఊరూ పేరూ ఉన్నాయి. మొదట 1,200 ఆస్ట్రేలియా డాలర్లు పలికిన ఆ బొమ్మ 2007లో 24 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ధర సంగతి మనవాళ్లు తప్పకుండా అడుగుతారని చెబుతున్నాను!

అక్కడి ఆదివాసులు చల్లని రోజుల్లో చిన్న మంటలు పెట్టి ఎండుగడ్డిని తగ్గిస్తారు. పెద్ద కార్చిచ్చుకు మేత మిగలదు. వలస పాలకులు దాన్ని అణచివేశారు. 2019-20 వేసవిలో అడవులు కాలిపోయాక ఆ పెద్దల మాట వినేవాళ్లు పెరిగారు.

మన మన్యంలో పోడు ఉంది: కొండవాలున చెట్లు కొట్టి, కాల్చి, కొన్నేళ్లు పండించి, తర్వాత బీడు వదిలే సాగు. అందులో నిప్పు సాగు కోసం పెట్టేది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత దానిపై ఆంక్షలు బిగిశాయి. అల్లూరి నడిపిన 1922-24 తిరుగుబాటులో ఆ కోపమూ ఉంది. పోడుకు హారతి పట్టమనడం లేదు. బీడు వదిలే ఏళ్లు తగ్గి బోడిపడిన కొండలూ ఉన్నాయి. కానీ పోడు మంటకూ, ఎవరో విసిరిన బీడీ ముక్క మంటకూ మన కాన్వాసు మీద తేడా లేకపోవడం నాకు మింగుడుపడదు.

అరకు, పాడేరు వెళ్లినప్పుడు ధింసా నృత్యం ఒక్కటే గీసుకుని రాకండి. గాలి ఎటు ఉంటే నిప్పు పెడతారో, ఏ చెట్టును కొట్టకుండా వదిలేస్తారో అక్కడి పెద్దలను అడగండి. వాళ్ల పిల్లల్లో బొమ్మలు వేసేవాళ్లుంటే, వచ్చే ప్రదర్శనలో మొదటి గోడ వాళ్లకివ్వండి.