ఆ కాగితానికి నంబరు పడలేదు

వేదిక మీది పెద్దలకు, నాకు పాఠాలు చెప్పిన మాస్టార్లకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారు పది నిమిషాలే ఇచ్చారు. అందుకని శాలువా సంగతి తర్వాత చూద్దాం సార్.

ఇంటర్న్‌షిప్ రిపోర్టు ఎలా రాయాలో చెప్పమన్నారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను కూడా. చివరి సెమిస్టరులో నన్ను ఒక మున్సిపల్ ఆఫీసులో వేశారు. మొదటి నెలంతా జిరాక్సులు, టీలు, తపాలు. డిగ్రీ చదివి ఇదేం పని అని ఏడుపొచ్చేది. తపాలంటే తెలుసుగా? వచ్చిన ప్రతి కాగితాన్నీ రిజిస్టరులో ఎక్కించి, నంబరు వేసి, సంబంధిత గుమాస్తాకు పంపాలి. ఆయన దాన్ని తన పర్సనల్ రిజిస్టరులో రాసుకుని ఫైలు పుటప్ చేస్తాడు, అంటే పై అధికారి ముందు పెడతాడు. నంబరు పడలేదంటే ఆ కాగితం రానట్టే.

ఒకరోజు ఒక మామ్మగారు వచ్చారు. బట్టల కొట్టు కవరులో మడతల దగ్గర చిరిగిన జిరాక్సులు, ఇంటి పన్ను రసీదు. వితంతు పింఛనుకు భర్త మరణ ధ్రువపత్రం కావాలి. ఆయన ఇంట్లోనే పోయాడు, ఏడాది దాటిపోయింది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం చావు కబురు 21 రోజుల్లో చెబితే రూపాయి ఖర్చు లేదు. ఏడాది దాటితే మాత్రం మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

"పెద్దకర్మ అయిన మర్నాడే వచ్చి ఇచ్చాను తల్లీ. ఆ కిటికీ దగ్గరాయనే తీసుకున్నాడు" అన్నారు.

అంటే పన్నెండో రోజు. పాత రిజిస్టరు తీశాను. వెనక బెంచీ వాళ్లూ, ఇది వినండి. ఆ రోజు పేజీలో చైర్మన్ గారికొచ్చిన పెళ్లి శుభలేఖ ఉంది, నంబరుతో సహా! మామ్మగారి కాగితం లేదు. ఇచ్చానని చూపడానికి ఆవిడ దగ్గర రసీదూ లేదు.

రిపోర్టు గురించి కదూ చెబుతున్నాను... ఉండండి, ఇది పూర్తి చేస్తాను.

కొత్త అర్జీ నేనే రాసిపెట్టాను. రెండో కాపీ మీద రౌండ్ సీలు కొట్టి, తేదీ, నంబరు వేసి ఆవిడ చేతికిచ్చాను. సూపరింటెండెంట్ గారు చూశారు. "నువ్వెవరమ్మా సీలు వెయ్యడానికి?" అని అందరి ముందూ కేకలేశారు. ఆయన అన్నదీ నిజమే, ఇంటర్న్‌కి ఆ అధికారం లేదు. కానీ అధికారం ఉన్నవాళ్లు వెయ్యలేదు కదండీ! చివరికి సణుక్కుంటూనే పొట్టి సంతకం పెట్టారు. మామ్మగారు దాన్ని కవరులో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ తీసి చూసుకున్నారు. పాపం, ఉత్తర్వు కోసం తిరగడం మాత్రం ఆవిడకు తప్పలేదు.

బెల్లు కొట్టేశారు. నాలుగు పేజీలూ మీ క్లాస్ లీడరుకి ఇస్తాను, కాపీ చేసుకోండి. సోమవారం ఆఫీసుకు వెళ్లగానే రౌండ్ సీలు ఎక్కడుందో అడగండి. మా ఆఫీసులో అది బీరువాలో ఉండేది, తాళం వేసి.