నెలాఖరు బిల్లింగు: టార్గెట్ ఒత్తిడి ఎక్కడ పుడుతుంది?

(తెరపై: నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో లారీ నుంచి సరుకు దించుతున్న దృశ్యం)

నమస్కారం. పురుగుమందుల కంపెనీలో అమ్మకాల ఉద్యోగం చేసేవారికి నెలలో చివరి వారం ఎందుకంత భారంగా ఉంటుందో ఈ వీడియోలో చూద్దాం. నెల్లూరు కేంద్రంగా పనిచేసే కార్యాలయాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే ఇక్కడి పంటల కాలానికీ కంపెనీల క్యాలెండరుకూ ఎప్పుడూ పొత్తు కుదరదు.

ముందుగా రెండు మాటలను విడదీసి చూడాలి. కంపెనీ గోదాము నుంచి డీలరు పేరిట బిల్లు అయి సరుకు అతని దుకాణానికి చేరితే దానిని ప్లేస్‌మెంట్ అంటారు. ఆ సరుకు డీలరు దగ్గర నుంచి రైతు చేతికి వెళ్తే అది లిక్విడేషన్. రైతు కొన్నదే అసలైన అమ్మకం అని అందరూ ఒప్పుకుంటారు, కానీ నెల టార్గెట్ లెక్కలోకి తరచుగా వచ్చేది మాత్రం బిల్లు అయిన మొత్తమే.

(తెరపై: మూడు నెలల పట్టిక)

ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక అమ్మకాల ప్రతినిధికి నెలకు 12 లక్షల టార్గెట్ ఉందనుకోండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో రైతులు పదేసి లక్షల మందులు కొన్నారు, మార్చిలో కోతలు మొదలై కొనుగోళ్లు 4 లక్షలకు పడిపోయాయి. ప్రతినిధి మాత్రం ప్రతి నెలాఖరుకూ డీలర్లను బతిమాలి 12 లక్షలు బిల్లు చేయించాడు. కాగితం మీద మూడు నెలలూ నూటికి నూరు శాతం. దుకాణాల్లో మిగిలిన సరుకు విలువ ఎంతో చూడండి: 36 లక్షలు వెళ్లింది, 24 లక్షలు అమ్ముడైంది, 12 లక్షలు అలాగే ఉంది. అంటే సరిగ్గా ఒక నెల టార్గెట్ అంత సరుకు డీలర్ల అటకల మీద కూర్చుంది. ఏప్రిల్‌లో ఆ ప్రతినిధి ఏ ముఖంతో కొత్త ఆర్డరు అడుగుతాడు?

ఇక్కడి వ్యవసాయాన్ని చూస్తే ఇది ఎవరి చేతకానితనమూ కాదని అర్థమవుతుంది. పెన్నా డెల్టాలో ప్రధానమైన వరి పంటకు ఈశాన్య రుతుపవనాల వానలూ సోమశిల జలాశయం నీళ్లూ ఆధారం. నాట్లు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో పడతాయి కాబట్టి ఆకుముడతకూ, అగ్గితెగులుకూ, సుడిదోమకూ మందుల గిరాకీ ఆ తర్వాతి కొద్ది వారాల్లోనే గుమికూడుతుంది. ఎడగారుకు, అంటే ఆ తర్వాత వేసే రెండో పంటకు, నీళ్లు ఇస్తారా లేదా అన్నది జలాశయంలో మిగిలిన నిల్వను బట్టి తేలుతుంది. ప్రకాశం జిల్లా వైపు వెళ్తే టంగుటూరు, కొండపి ప్రాంతాల పొగాకు రైతుకు వేలంలో బేళ్లు అమ్ముడైతేనే చేతిలో డబ్బు ఆడుతుంది, అప్పుడే డీలరుకు పాత బాకీ తీరుతుంది. టార్గెట్‌ను పన్నెండు నెలలకు పరిచేవారు ఈ ఎగుడుదిగుళ్లకు కొంత చోటు ఇస్తారు గానీ, వాన రెండు వారాలు ఆలస్యమైతే ఆ నెల అంకె రెండు వారాలు ఆగదు.

ఇన్సెంటివ్ స్లాబుల, అంటే టార్గెట్‌లో ఎంత శాతం చేరితే ఎంత ప్రోత్సాహకం అనే మెట్ల ప్రభావం ఇంకా విచిత్రమైనది. నూరు శాతానికి ఒక మొత్తం, తొంభై లోపు అయితే సున్నా అనే పద్ధతి ఉన్న చోట, 27వ తేదీకి 88 శాతం దగ్గర ఉన్నవాడు ఎలాగైనా బిల్లు చేయించాలని చూస్తాడు, 60 దగ్గర ఉన్నవాడు చేతిలో ఉన్న ఆర్డరును కూడా వచ్చే నెలకు దాచుకుంటాడు. రెండూ తెలివైన పనులే, రెండూ కంపెనీకి మార్కెట్ గురించి తప్పుడు సమాచారం ఇచ్చేవే. కోరికను బట్టి రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టెలాగా టార్గెట్ రొట్టె కూడా ఉంటే, స్వర్ణాల చెరువు దగ్గర అమ్మకాల సిబ్బంది వరుసే పొడవుగా ఉండేదేమో.

(తెరపై: సీసా మీద గడువు తేదీ)

మిగిలిన సరుకు పురుగుమందు కావడంతో సమస్య మరింత ముదురుతుంది. 1971 నాటి కీటకనాశనుల నియమాల ప్రకారం గడువు తీరిన మందులను వేరుగా పెట్టి, అమ్మకానికి కాదని ముద్ర వేయాలి. అందుకే గడువు దగ్గరపడిన కొద్దీ డీలరు రిటర్న్ అడుగుతాడు, అంటే సరుకు వెనక్కి తీసుకోమంటాడు; అది క్రెడిట్ నోటుగా (డీలరు బాకీలో అంత మొత్తం తగ్గిస్తూ కంపెనీ ఇచ్చే కాగితంగా) మారి ప్రతినిధి ఆ నెల అంకెలోంచి తీసివేతగా కనిపిస్తుంది. మేనేజరు గట్టిగా అరుస్తున్నాడంటే ఆయన పైన కూడా ఇదే లెక్క నడుస్తోందన్నమాట. అరుపును సమర్థించను, కానీ దాని మూలం అక్కడ ఉంది.

ప్రతినిధి చేయదగిన పని నెల మొదటి వారంలోనే ఉంది. ఒక్కో డీలరు దగ్గర ఏ మందు ఎంత నిల్వ ఉంది, దాని గడువు ఎప్పుడు, ఎన్ని రోజుల బాకీ ఉంది అన్నది రాసి మేనేజరుకు మెయిల్ పంపితే, నెలాఖరు వాదనకు అంకెల ఆధారం దొరుకుతుంది. "అమ్ముడుకాకపోతే నేను వెనక్కి తీసుకుంటాను, అన్నా" అని డీలరుకు నోటిమాట ఇవ్వవద్దు, బిల్లు కోసం సొంత చెక్కు అసలే ఇవ్వవద్దు. రిటర్న్ ఒప్పుకునే అధికారం కంపెనీది కాబట్టి, ఆ హామీ కంపెనీ కాగితం మీద వచ్చాకే సరుకు పంపించండి.