రాయగడలో పాత అట్టపెట్టెల దారి

నమస్కారం. ఒడిశాలోని మన రాయగడ పక్కనే జేకేపూర్‌లో 1960ల నాటి కాగితపు మిల్లు ఉంది కదా, మనం అమ్మిన పాత అట్టలు అక్కడికే వెళ్తాయని మా కాలనీలో చాలామంది నమ్మకం. నిజానికి ఆ మిల్లు ముఖ్యంగా కర్ర, వెదురు గుజ్జుతో నడుస్తుంది. మన ఇంట్లోని గోధుమరంగు పెట్టెల దారి వేరు. వీధిలో తిరిగే కబాడీ, అంటే పాత సామాన్లు కొనేవాడు, కొంటాడు, టోకు కొట్టులో కట్టలు కడతారు, చివరికి పాత కాగితంతో అట్ట తయారుచేసే మిల్లుకు లారీలో చేరుతాయి.

ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద శత్రువు తడి. కబాడీ తూచే ముందు ఏం చేస్తాడో ఎప్పుడైనా గమనించండి. పైన ఉన్న అట్టను చూడనే చూడడు, కట్ట మధ్యలోకి వేళ్లు దూరుస్తాడు. చల్లగా తగిలిందా, ధర తగ్గినట్టే. తడిసిన అట్ట తూకంలో నీళ్లకు కూడా డబ్బు కట్టాలి, పైగా రెండు రోజుల్లో బూజు పడుతుంది. అతని బేరం మనకు కోపం తెప్పించవచ్చు గానీ, ఆ విషయంలో న్యాయం అతనిదే.

ఒక పెట్టె అంచు చింపి చూడండి. రెండు చదును కాగితాల మధ్య అలలు అలలుగా మరో కాగితం కనిపిస్తుంది. బరువు మోసే బలం దానిదే. మిల్లులో దీన్ని నీళ్లలో వేసి పెద్ద తొట్టిలో తిప్పుతారు. పీచు విడిపోతుంది, పిన్నులు, టేపు జల్లెడల దగ్గర ఆగిపోతాయి. ఆ గుజ్జును పలుచగా పరిచి, నొక్కి, ఆరబెడితే పీచు మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుంటుంది.

ఇది మన అమ్మమ్మలకు కొత్త సంగతేమీ కాదు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, వెదురు చేటకు, బుట్టకు పూసేవారు. ఎండాక సందుల్లోంచి గింజ జారేది కాదు. మెంతుల జిగురు, కాగితపు పీచు కలిస్తే అంత గట్టితనం వస్తుంది.

అయితే మిల్లు తొట్టిలో తిప్పిన ప్రతిసారీ పీచు పొట్టిదవుతుంది. సాధారణంగా 5 నుంచి 7 సార్లు తిరిగాక ఇక పట్టు ఉండదు. అందుకే గుజ్జులో కొత్త పీచు కలుపుతూ ఉండాలి.

ఇక అమ్మే అట్టల్లో ఏవి కలపకూడదు? నూనె ఓడిన బజ్జీల పొట్లం, ఆవకాయ జాడీ కింద పరిచిన అట్ట, లోపల ప్లాస్టిక్ పొర ఉన్న టీ కప్పులు, దుకాణాల్లో ఇచ్చే నున్నటి బిల్లులు. అసలు వార్తాపత్రికలో తినేవి చుట్టడమే తప్పు. సిరా ఆహారంలోకి దిగుతుందనే ఆహార భద్రతా సంస్థ 2018 నిబంధనల్లో దాన్ని నిషేధించింది. బజ్జీల బండి దగ్గర ఈ మాట చెప్పి చూడండి, మిమ్మల్ని వింతగా చూస్తారు!

ఒక్క ఇంటి అట్టల కోసం ఎవరూ బండి ఆపరు. పది ఇళ్లవి కలిస్తే కబాడీయే వచ్చి అడుగుతాడు. వాన చినుకు పడని అరుగు ఎవరిదో చూసుకోండి. పెట్టెల టేపు పీకి, చదునుగా మడిచి, నేలకు తగలకుండా రెండు ఇటుకల మీద పేర్చండి. పేరు, ఫోను నంబరు ఉన్న చీటీ చింపేయండి. వార్తాపత్రికలు వేరే కట్టండి, వాటి ధర వేరు. ఒడియా పత్రికైనా తెలుగు పత్రికైనా కట్ట ఒక్కటే. అమ్మే ఓపిక లేకపోతే పొడి చెత్తగా వేరుచేసి ఇవ్వండి. ఒడిశా పట్టణాల్లో మిషన్ శక్తి మహిళా సంఘాలు ఈ పనిలో ఉన్నాయి, వారి చేతికి శుభ్రంగా అందితే వారికీ నాలుగు రూపాయలు మిగులుతాయి.

మరో సంగతి, భోగి. తెల్లవారుజామున మంట ఎత్తుగా లేవాలని మన వీధుల్లో పెట్టెలన్నీ అందులోకి విసిరేస్తారు, టేపుతో సహా. ఆ ప్లాస్టిక్ పొగ చుట్టూ నిలబడ్డ పిల్లల ముక్కుల్లోకే వెళ్తుంది. పిడకలు, ఎండుకర్రలు సరిపోవా? అట్టలను అరుగు మీదే ఉంచండి. పండుగ వెళ్లిన వారంలో కొత్త బట్టల పెట్టెలు కూడా తోడవుతాయి, అప్పుడు కబాడీని పిలవండి.