నెలాఖరు ఉపవాసాలు

(ఒడిశాలోని బరంపురంలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ముప్పై ఏళ్ళకు పైగా ఈ గంజాం జిల్లాలో కళాశాల పిల్లలకు అర్థశాస్త్రం చెప్పినవాణ్ణి. దారిద్ర్యరేఖను, కేలరీల లెక్కను నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో చెప్పలేను గాని, ఎదుట కూర్చున్న కుర్రవాడు పొద్దుటినుంచి ఏమీ తినలేదన్న సంగతి మాత్రం నాకు చాలాకాలం తెలియలేదు. సోంపేట వైపునుంచి వచ్చి, ఇక్కడ గది అద్దెకు తీసుకుని చదువుకునే ఒక అబ్బాయి మధ్యాహ్నం ఎప్పుడు చూసినా గ్రంథాలయంలోనే ఉండేవాడు. భోజనానికి వెళ్ళలేదేమని అడిగితే "ఈవేళ శనివారం కదా మాస్టారూ, ఒంటిపూట" అన్నాడు. మరోసారి మంగళవారం, తారాతారిణి అమ్మవారికి అన్నాడు. ఇంకోసారి గురువారం సాయిబాబా వచ్చాడు. నెల మొదటి పదిరోజుల్లో అతనికి ఏ దేవుడూ గుర్తుకు రాడనీ, ఇరవయ్యో తారీఖు దాటాకే భక్తి ముదురుతుందనీ గ్రహించడానికి నాకు ఏడాది పట్టింది. క్లాసుకు ముందు వరండా కుళాయి దగ్గర సీసా నిండా నీళ్ళు పట్టి, సగం అక్కడే తాగి, మళ్ళీ నింపుకుని లోపలికి వచ్చేవాడు. అది ఆరోగ్య సూత్రం కాబోలు అనుకున్నాను.

ఆకలి అనగానే మనకు డొక్కలెండిన మనిషి కళ్ళముందుకు వస్తాడు. కాని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆహార అభద్రతను కొలవడానికి వాడే ఎనిమిది ప్రశ్నల్లో మొదటిది, తినడానికి సరిపడా దొరకదేమోనని దిగులు పడ్డారా అన్నది. తరువాత పుష్టికరమైన తిండి తినలేకపోవడం, ఒకే రకం తిండితో సరిపెట్టుకోవడం, పూట మానేయడం, అలా మెట్టు మెట్టుగా దిగుతూ రోజంతా పస్తున్నారా అన్న చివరి ప్రశ్నకు చేరుతుంది. మన విద్యార్థుల్లో చాలామంది ఈ మెట్ల మధ్యలో ఉంటారు. సాయంత్రం పొట్లం ముఢీతో, అంటే మరమరాలతో, పొట్ట నింపుకున్నవాడు పస్తున్నట్టు లెక్కలోకి రాడు, తిన్నట్టూ కాదు. వాడి ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను ఉంటాయి కనుక మనకు అనుమానమైనా రాదు.

ఇది మన ప్రాంతపు గొడవ మాత్రమే కాదు. అమెరికాలో ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2020లో అక్కడి కళాశాల విద్యార్థుల్లో 23 శాతం మంది, అంటే దాదాపు 38 లక్షల మంది, ఆహార అభద్రతలో ఉన్నారు. ప్రభుత్వ ఆహార సహాయానికి అర్హులై ఉండి కూడా అది అందని వారు వారిలో చాలామంది.

మన దగ్గర చిక్కు మరో తీరుగా ఉంది. బడిలో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం మధ్యాహ్న భోజనాన్ని ఎనిమిదో తరగతి దాకా హక్కుగా చేసింది. సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్‌లో, ఇచ్ఛాపురం వైపు, 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో కూడా డొక్కా సీతమ్మ గారి పేరిట మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. ఆ ఇంటర్ పిల్లవాడే మరుసటి ఏడాది డిగ్రీకి రైలెక్కి ఇటు వస్తే వాడికి ఆ కంచం ఉండదు. ఆ మూడు నెలల సెలవుల్లో వాడి ఆకలి తీరిపోయిందని ఎవరు నిర్ణయించారో నాకు అర్థం కాదు.

రేషను సంగతి చూడండి. ప్రాధాన్య కుటుంబాలకు చట్టం ప్రకారం మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యం వస్తుంది. విద్యార్థి పేరు కార్డులో ఉంటుంది, వాడి వాటా ఇంటి కుండలో ఉడుకుతుంది, వాడు మాత్రం ఇక్కడ ఉంటాడు. ఒకే దేశం ఒకే రేషను కార్డు ఏర్పాటు కింద తన వాటాను ఇక్కడి దుకాణంలో వేలిముద్ర వేసి తీసుకునే వీలుంది. అయితే నలుగురున్న అద్దెగదిలో పొయ్యి ఏదీ, ఆ బియ్యం మీదికి పప్పు ఏదీ? 2015లో ఒడిశా ప్రభుత్వం మొదలుపెట్టిన ఆహార్ కేంద్రాల్లో ఐదు రూపాయలకు అన్నం, దాల్మా (కూరగాయలు వేసి వండిన పప్పు) పెడతారు. మంచి భోజనం, నేనూ తిన్నాను. కాని ఊరికి దూరంగా విశ్వవిద్యాలయం ఉన్న భంజవిహార్‌లో క్లాసులున్నవాడు మధ్యాహ్నం ఇక్కడికి వచ్చి తిని వెళ్ళాలంటే ఆ భోజనం ధరకు ఎన్నో రెట్లు ఆటోకే పోతుంది.

ఇక హాస్టలు మెస్సు. నెల ఖర్చంతా తిన్నవాళ్ళ మధ్య పంచే డివైడింగ్ పద్ధతిలో ఒక పిల్లవాడు మానేసినా వంటవాళ్ళ జీతం, గ్యాసు ఖర్చు తగ్గవు, అవి మిగిలినవాళ్ళ మీద పడతాయి. బిల్లు పెరిగేసరికి మరొకడు మానేస్తాడు. విద్యార్థి వేతనం ఎప్పుడో ఏడాది చివర ఖాతాలో పడుతుంది, బిల్లేమో నెలనెలా వస్తుంది. ఒకచోట బాకీ ఉన్నవాళ్ళ పేర్లు భోజనశాల గోడకు అంటించడం చూశాను. తలవంచుకుని దాని ముందునుంచి కంచం పట్టుకుని పోవడం కంటే శనివారం ఒంటిపూట అని చెప్పడమే వాళ్ళకు సులువు.

మన పెద్దలు వారాలు గుర్తుచేస్తుంటారు. రోజుకొక ఇంట అన్నం తిని చదువుకున్న తరం గొప్పదే, ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి టంగుటూరి ప్రకాశం గారిని చదివించిన తల్లి అంతకంటే గొప్పది. కాని వారాల విస్తరి ఏ కులం పిల్లవాడి ముందు పరిచారో, ఎవరిని గడప దగ్గరే ఆపేశారో మరచిపోకూడదు. పెట్టినవాళ్ళ మాటలు కూడా అన్నంతోపాటే మింగవలసి వచ్చేది. అందుకే ఆ పద్ధతిని తిరిగి తెమ్మని అడగను, అందులోని క్రమాన్ని మాత్రం తెమ్మంటాను: ఏడు రోజులకు ఏడు ఇళ్ళు ముందే ఖాయమై ఉండేవి కనుక పిల్లవాడికి రేపటి దిగులు ఉండేది కాదు.

ఈ సభలో పట్టు వ్యాపారులున్నారు, అప్పడాల వ్యాపారులున్నారు, పింఛను తీసుకునే నాబోటివాళ్ళున్నారు. ఒక్కొక్కరు నెలలో చివరి పది రోజులకు ఒక విద్యార్థి మెస్సు ఖర్చు భరించండి. విద్యార్థి వేతనం పడేదాకా బాకీ పేరుతో ఎవరి కంచమూ ఆపవద్దని వసతి గృహాలను కలిసి అడుగుదాం. డబ్బు నేరుగా మెస్సు ఖాతాలో పడాలి, ఎవరి కోసమన్నది మెస్సు గుమాస్తాకు తప్ప ఇచ్చినవారికి కూడా తెలియకూడదు. ఫొటోలు వద్దు, శాలువాలు అసలే వద్దు. మొదటి పేరు నాది రాసుకోండి. పుస్తకం ద్వారం దగ్గర బల్ల మీద ఉంది.