పంది దేవుడి ఒంట్లో ఇనుప గుండు: ‘ప్రిన్సెస్ మోనొనోకె’ రివ్యూ

నమస్కారం. పాలమూరు నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం తీసుకున్న సినిమా కొత్తది కాదు. 1997 జులైలో జపాన్‌లో విడుదలైన ‘ప్రిన్సెస్ మోనొనోకె’. హయావో మియజాకి రాసి దర్శకత్వం వహించిన ఈ యానిమేషన్ చిత్రాన్ని స్టూడియో ఘిబ్లి నిర్మించింది. నిడివి రెండుంబావు గంటలకు కాస్త తక్కువ. బొమ్మల సినిమాయే కదా అని పిల్లల ముందు పెట్టి మీరు వంటింట్లోకి వెళ్లిపోకండి. మొదటి అరగంట గడవకముందే ఒక సైనికుడి చేతులు రెండూ బాణం దెబ్బకు తెగి చెట్టుకు గుచ్చుకుంటాయి. పన్నెండు, పదమూడేళ్లు దాటిన పిల్లలైతే పక్కన కూర్చోబెట్టుకుని చూడవచ్చు.

నేను దీన్ని ఇంతకుముందు రెండుసార్లు ఒంటరిగా చూశాను. మూడోసారి మాత్రం మా పెద్దబాపుతో కలిసి చూశాను. ఆయనది అచ్చంపేట వైపు, అడవి అంచున ఉన్న ఊరు. పల్లి చేను పెడతాడు. జపనీస్ మాటలు వినపడుతుంటే, కింద వచ్చే ఆంగ్ల సబ్‌టైటిళ్లు చదివి ఆయనకు తెలుగులో చెప్పడం నా పని. ఆ పని వల్ల సినిమాను నేను సరిగా చూడలేకపోతానేమో అనుకున్నాను కానీ, అంతకుముందు రెండుసార్లు నా కంటికి ఆనని విషయాలు ఆయన వల్లే ఆనాయి.

మొదటి దృశ్యమే తీసుకోండి. కొండల మధ్య దాగి బతుకుతున్న ఎమిషి అనే తెగ ఊరు. కావలి మంచె మీద ఒక ముసలాయన అడవి వైపు చూస్తుంటాడు. చెట్లలోంచి ఏదో వస్తోంది; దాని ఒళ్లంతా నల్లటి, ఎర్రటి పురుగులు తీగల్లా మెలికలు తిరుగుతూ ఉంటాయి, అది తొక్కిన గడ్డి మాడిపోతుంది. ఆ పురుగులు ఒక్క క్షణం విడిపోయినప్పుడు తెలుస్తుంది, లోపల ఉన్నది అడవిపంది. అషిటాకా అనే యువరాజు దాన్ని చంపే ముందు, ఓ దేవరా, శాంతించు, ఎందుకింత కోపం అని బతిమాలుతాడు. వినదు. ఊరి ఆడపిల్లల మీదికి పోతుంటే తప్పనిసరై బాణం వేస్తాడు. అది చనిపోతుంది కానీ, దాని పురుగులు చుట్టుకున్న అతని కుడిచేతికి శాపం అంటుకుంటుంది. ఆ మచ్చ పాకుతూ పాకుతూ ఎప్పటికో ప్రాణం తీస్తుంది.

ఇక్కడ పెద్దబాపు నన్ను ఆపమన్నాడు. “దెబ్బ తాకని పంది మనిషిని జూస్తే పక్కకు పోతది. గిది ఉరికొస్తుందంటే దీనికి ఎక్కడనో గాయమైంది” అన్నాడు. నేను ఏమీ అనకుండా మళ్లీ నడిపించాను. తర్వాతి దృశ్యంలో ఆ ఊరి పెద్దవ్వ, పంది శరీరంలో దొరికిన ఇనుప గుండును తీసి అందరి ముందు పెడుతుంది. ఎముకలు విరిచి, పేగులు చీల్చి, ఒక దేవుణ్ణి పిచ్చిదాన్ని చేసిన తూటా అది. ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు కాల్చారు అన్న ప్రశ్నే మిగతా కథ. జుట్టు కత్తిరించుకుని, ఎవరూ సాగనంపకూడదన్న కట్టుబాటు ప్రకారం రాత్రిపూట ఊరు విడిచి, అషిటాకా పడమటి దిక్కుకు బయలుదేరతాడు. వలస పోయేవాడు రాత్రి పోతేనే మంచిది, పగలైతే పిల్లలు ఏడుస్తారు అని మా వైపు ఒకప్పుడు అనుకునేవారట. దేశమంతా చెరువులూ కాలువలూ తవ్వడానికి వెళ్లిన పాలమూరు లేబరు సంగతి తెలిసినవారికి ఆ దృశ్యానికి వ్యాఖ్యానం అవసరం లేదు.

కథాకాలం జపాన్ చరిత్రలో మురొమాచి యుగం. తుపాకులు అప్పుడప్పుడే చేతికి వస్తున్న కాలం. తెర మీది అడవి కోసం చిత్రబృందం యకుషిమా దీవికి వెళ్లి అక్కడి పాత దేవదారు వనాలను చూసి వచ్చింది. 1993లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన దీవి అది. ఆ నాచు, ఆ తడి, ఆకుల మధ్య నుంచి జారే ఆకుపచ్చ వెలుతురు చూస్తే ఊహ మీద మాత్రమే ఆధారపడి గీసినవి కావని తెలిసిపోతుంది. చెట్లలో కాపురముండే కొడామా అనే తెల్లటి బుడతలు తల అటూ ఇటూ తిప్పుతూ గలగలలాడతారు. అవి ఉన్నాయంటే అడవి ఆరోగ్యంగా ఉన్నట్టు.

ఇక అసలు విషయం. పడమట అషిటాకా చేరుకున్నది తతారా అనే ఇనుము కరిగించే ఊరు. దాని యజమానురాలు ఎబోషి. ఇసుకలో దొరికే ఇనుమును కరిగించాలంటే బొగ్గు కావాలి, బొగ్గు కావాలంటే చెట్లు నరకాలి, చెట్లు నరికితే అడవి దేవతలు ఊరుకోరు. పందుల అడవిని బొగ్గు కోసం కొట్టించినది ఎబోషి, ఆ గుండు కాల్పించినదీ ఎబోషియే. మామూలు కథలో ఈమె పని ఇక్కడితో అయిపోవాలి. ముఖం వికృతంగా గీసి, నవ్వు వికటంగా పెట్టి, చివరలో చంపేస్తే సరిపోతుంది. మియజాకి ఆ పని చేయలేదు. ఆ ఊళ్లో పెద్ద కొలిమి తిత్తులను కాళ్లతో తొక్కుతున్నవాళ్లు ఆడవాళ్లు. నాలుగు రోజుల పాటు ఆపకుండా వంతులవారీగా తొక్కుతారు. వాళ్లంతా వేశ్యావాటికలకు అమ్ముడుపోయినవాళ్లు, ఎబోషి డబ్బు కట్టి విడిపించుకు వచ్చింది. పని కష్టమే కానీ కడుపు నిండా తిండి ఉంది, మగవాళ్లు మా జోలికి రారు అని వాళ్లే నవ్వుతూ చెబుతారు.

దానికంటే లోతైన దృశ్యం ఆ వెనుక తోటలో ఉంది. లోకం వెలివేసిన కుష్ఠు రోగులు, ఒళ్లంతా గుడ్డలు చుట్టుకుని, అక్కడ తేలికపాటి తుపాకులు తయారుచేస్తుంటారు. అషిటాకా శాపగ్రస్తమైన చేయి ఎబోషిని చంపడానికి తనంతట తానే కత్తి మీదికి పోతున్నప్పుడు, మంచం పట్టిన ఒక రోగి అతణ్ణి వేడుకుంటాడు: మమ్మల్ని మనుషులుగా చూసింది ఆమె ఒక్కతే, భయపడకుండా మా కుళ్లిన ఒంటిని కడిగి కట్లు కట్టింది, ఆమెను చంపవద్దు. అషిటాకాకు నోట మాట రాదు, నాకూ రాలేదు. అడవిని చంపుతున్న చేయీ, ఆ పుండ్లు కడిగిన చేయీ ఒకటే. ఈ సినిమా గొప్పతనం ఎక్కడ ఉందని ఎవరైనా అడిగితే నేను తోడేళ్లనో దేవతలనో చూపించను, ఈ తోటను చూపిస్తాను.

2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ గురించి గొడవ జరిగినప్పుడు, సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం కూడా చేసింది. ఆ తీర్మానం నాకు సంతోషమే. కానీ ఆ రోజుల్లో మేము టీ కొట్ల దగ్గర చేసిన వాదనల్లో అడవిని మింగడానికి వచ్చిన రాక్షసుడు ఒక పక్క, అమాయకుడైన చెంచు ఇంకో పక్క, ఆ ఇద్దరే ఉండేవారు. ముంబై బస్సెక్కకుండా ఉన్న ఊళ్లోనే కూలి దొరుకుతుందేమోనని ఆశపడ్డవాడి మాటకు ఆ వాదనలో చోటు ఉండేది కాదు. మియజాకి ముందుగా అతనికి చోటు పెట్టి, ఆ తర్వాతనే అడవి పక్షం వాదించాడు. అందుకే ఆ వాదన అంత గట్టిగా తగులుతుంది.

అడవి పక్షాన ఉన్నది సాన్. తోడేలు తల్లి మోరో పెంచిన మనిషి పిల్ల. ‘మోనొనోకె’ అన్నది ఆమె పేరు కాదు. మనుషులను పట్టి పీడించే పగబట్టిన శక్తిని జపనీస్‌లో అలా అంటారు, ఊరివాళ్లు ఆమెకు ఆ ముద్ర వేశారు. అషిటాకాకు మొదటిసారి ఎదురైనప్పుడు ఆమె తల్లి గాయంలోంచి విషపు నెత్తురు పీల్చి ఉమ్ముతూ, నోరంతా ఎర్రగా చేసుకుని అషిటాకా వైపు సూటిగా చూస్తుంది. యువరాణి అనే మాటకు మనకున్న ఊహలన్నీ ఆ ఒక్క చూపుతో పోతాయి.

ఈ సినిమాలో దేవతలు పెంపుడు జంతువులు కారు, ముద్దు చేయవలసినవి కావు. పందుల పెద్ద ఒక్కోతో గుడ్డిది, ముసలిది. తన జాతి రానురానూ చిన్నదైపోతోందని, తెలివి తప్పుతోందని, ఇలాగే ఉంటే మనుషులు వేటాడి తినే మామూలు మాంసంగా మిగులుతామని దానికి తెలుసు. ఓడిపోతామని తెలిసే యుద్ధానికి పోతుంది. ఇది చెప్పినప్పుడు పెద్దబాపు చాలాసేపు మాట్లాడలేదు. చేను చుట్టూ పాత చీరలు కట్టి, రాత్రంతా మంచె మీద డబ్బా వాయిస్తూ పందులను తరిమే మనిషి ఆయన. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం పక్కన వ్యవసాయం అంటే అదే మరి. ఒక్క రాత్రి కన్ను మూతపడితే అరెకరం పల్లి లేచిపోతుంది. పందిని దేవుడని ఆయన చేత అనిపించడం కష్టం. చివరికి “ముసలిదాయె పాపం” అని మాత్రం అన్నాడు.

పంది దేవుడు, సగం మృగమైన దేవుడు అంటే మనకేమీ వింత కాదు. వరాహస్వామి మనవాడే. నరసింహస్వామిని నల్లమల చెంచులు తమ ఆడపడుచు చెంచులక్ష్మిని చేసుకున్న అల్లుడిగానే చూస్తారు. అయితే మన కథల్లో దేవుణ్ణి తుపాకీతో కాల్చవచ్చన్న ఆలోచన రాదు. ఇక్కడ వస్తుంది. షిషిగామి అనే అడవి దేవుడి తల తెస్తే అమరత్వం వస్తుందని చక్రవర్తి నమ్మకం. ఆ తల కోసం వేటగాళ్లు బయలుదేరతారు. మనిషి ముఖంలాంటి ముఖం, కొమ్మలు కొమ్మలుగా చీలిన కొమ్ములు ఉన్న ఈ దుప్పి నడుస్తుంటే, పాదం ఆనిన చోట మొక్కలు మొలిచి, పూచి, పాదం ఎత్తగానే వాడిపోతాయి. ఒక్క మాట కూడా లేకుండా మూడు సెకన్లలో పుట్టుక, చావు రెండూ ఒకే పాదంలో చూపించాడు దర్శకుడు. ప్రాణం పోసేదీ తీసేదీ అదే; మంచివాడు చెడ్డవాడు అన్న లెక్క దానికి లేదు. అషిటాకా తూటా గాయాన్ని మాన్పుతుంది, చేతి మీది శాపాన్ని మాత్రం అలాగే వదిలేస్తుంది. ఎందుకని అడిగే వీలు లేదు.

ఆ దృశ్యం చూస్తున్నప్పుడు నాకు మా పిల్లలమర్రి గుర్తుకు వచ్చింది. ఏడువందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ మర్రికి చెదలు పట్టి, ఒక పెద్ద కొమ్మ కూలిపోయిన తర్వాత, 2018లో అటవీశాఖవాళ్లు కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి, బొట్టు బొట్టుగా చెదల మందు ఎక్కించారు. ఆసుపత్రి వార్డులా వరసగా సీసాలు. కింద, ఊడల మీద, జంటల పేర్లు కత్తితో చెక్కి ఉండేవి. పేరు చెక్కినవాళ్లలో నా తరగతివాళ్లూ ఉన్నారు. నేను చెక్కలేదు కానీ కత్తి నాదే.

బొమ్మల సంగతి. ఈ సినిమాకు సుమారు 1,44,000 సెల్స్, అంటే బొమ్మలు వేసే పారదర్శక పలకలు, వాడారు. వాటిలో 80,000 వరకు మియజాకి స్వయంగా చూసి సరిదిద్దాడు. కంప్యూటర్ బొమ్మలు మొత్తం కలిపి ఐదు నిమిషాల ప్రాంతంలోనే ఉంటాయి. జో హిసాయిషి సంగీతంలో నాకు నచ్చినది వాద్యాల హోరు కాదు, ఆయన వాద్యాలను ఆపేసిన చోట్లు. షిషిగామి వచ్చే ముందు అడవి నిశ్శబ్దమవుతుంది. ఫోన్ స్పీకరులో ఆ నిశ్శబ్దం తెలియదు, ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చివరి మూడోవంతులో చక్రవర్తి మనుషులు, అసానో అనే జమీందారు సైన్యం, పందులు, తోడేళ్లు, కోతులు అందరూ ఒకేసారి మీద పడతారు; ఎవరు ఎవరితో పోరాడుతున్నారో పెద్దబాపుకు చెప్పలేక రెండుసార్లు వెనక్కు తిప్పాను. సినిమా పేరు సాన్‌ది, బరువు మాత్రం ఎబోషిది. సాన్ కోపం తెలిసినంతగా మనసు తెలియదు. ఇంకొక చిన్న ఫిర్యాదు. ఊరు వదిలేటప్పుడు కయా అనే పిల్ల కట్టుబాటు మీరి ఎదురువచ్చి, నన్ను మరచిపోవద్దని అషిటాకాకు స్ఫటికపు కత్తి ఇస్తుంది. ఈ మహానుభావుడు దాన్ని తీసుకెళ్లి సాన్‌కు పంపిస్తాడు. దర్శకుడు ఏ ఉద్దేశంతో పెట్టాడో కానీ, మా ఇంట్లో ఆడవాళ్లెవరూ అతణ్ణి క్షమించలేదు.

ఇక్కడి నుంచి ముగింపు గురించి చెబుతాను. చూడనివారు వీడియో ఇక్కడే ఆపవచ్చు.

ఎబోషి దేవుడి మీద తుపాకీ ఎక్కుపెట్టినప్పుడు, ఆ తుపాకీ కర్రకు చిగుళ్లు వేస్తాయి. చచ్చిన కర్ర, ఆమె కళ్ల ముందే, మళ్లీ చెట్టు కాబోతుంది. అయినా ఆమె మీట నొక్కుతుంది. తల తెగిన దేవుడి శరీరం కొండలా పెరిగి, తాకినదాన్నల్లా చంపుకుంటూ పారుతుంది. ఇనుప ఊరు కాలి కూలిపోతుంది. తల తిరిగి ఇచ్చిన తర్వాత తెల్లవారుతుంది, బోడికొండలు పచ్చబడతాయి. కానీ అది పాత అడవి కాదు. సాన్ మనుషులను క్షమించనంటుంది, అషిటాకా ఆమెను క్షమించమని అడగడు. నువ్వు అడవిలో ఉండు, నేను ఊళ్లో ఉంటాను, నా సవారీ దుప్పి యాకుల్ మీద వచ్చి చూసి పోతుంటాను అంటాడు. ఒక చేయి పోగొట్టుకున్న ఎబోషి, ఈసారి మంచి ఊరు కడదామంటుంది.

పేర్లు పడుతుండగా పెద్దబాపు టార్చిలైటు తీసుకుని లేచాడు, చేనుకు పోయే వేళైంది. గడప దగ్గర ఆగి అడిగాడు: “ఊరు మళ్ల గడుతరు, సరే. ఇనుము జెయ్యకుంటె తిండెట్ల? జేస్తె బొగ్గు ఎక్కడికెళ్లి తెస్తరు?”

సినిమా అంతా వెతికాను. ఆ మాటకు జవాబు అందులో లేదు.